పూచీ సంతకం

ఫిబ్రవరి 11

పొట్టీ,

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటా అనుకుంటున్నావేమో. ఫోను మా హాల్లో ఉంది, దాని పక్క కుర్చీలోనే మీ అన్నయ్య కూర్చుంటాడు. ఈ సంగతి ఆయన చెవిన పడటం నాకిష్టం లేదు. జవాబు మా ఆఫీసు చిరునామాకే రాయి.

చట్టం పాసయింది! నిన్న మధ్యాహ్నం, భోజనాల తర్వాత, సగం మంది సభ్యులు ఆవలిస్తుండగా పాసయింది. ఇకమీదట ఇంజనీరన్నా ఆర్కిటెక్టన్నా మండలిలో సభ్యత్వం ఉండి తీరాలి. పేరు నమోదు కానివాడు పశువుల పాక ప్లాను మీద కూడా సంతకం పెట్టకూడదు. తప్పు చేస్తే మండలి పిలిచి అడుగుతుంది, అడిగినదానికి జవాబు చెప్పి తీరాలి, తప్పు రుజువైతే పేరు కొట్టేస్తుంది. న్యాయశాఖలో ముసాయిదాలు రాసే గుమాస్తానని మీ చుట్టాలు నన్ను వెక్కిరించేవాళ్ళుగా, ఆ గుమాస్తా రాసిన వాక్యాలు ఇప్పుడు దేశమంతా వర్తిస్తాయి. పైగా మండలికి కార్యదర్శిగా నన్నే వేశారు.

అందులో ఒక క్లాజు నా చేత్తో, నా పట్టుదలతో రాసింది. మండలిలో చేరాలంటే అప్పటికే చేరినవాళ్ళు ఇద్దరు పూచీ సంతకం పెట్టాలి. చేరేటప్పుడు ఏదైనా దాచినట్టు తర్వాత తేలిందా, వాడి పేరుతో పాటు పూచీ పడ్డవాళ్ళ పేర్లూ ఐదేళ్ళు కొట్టేస్తారు. కమిటీలో అందరూ నెత్తీ నోరూ కొట్టుకున్నారు, ఇది మరీ కఠినం అని. నేను వినలేదు. ఎందుకు వినలేదో నీకొక్కదానికే తెలుసు.

గొడుగాయన కోసం. ఎండైనా వానైనా సైటులో వెనకాల ఒకడు గొడుగు పట్టుకుని నడవాలి ఆయనకి. ఆయన గీసిన ఆ బడి కడుతుండగా మెట్లు కూలి ఇద్దరు కూలీలు చచ్చిపోతే, డ్రాయింగు ఇవ్వడం వరకే నా పని, సైటు మొహం నేను చూడలేదు అని కోర్టులో చెప్పి చేతులు దులుపుకున్నాడు. సైటు ఇంజనీరుగా అక్కడ నిలబడ్డవాడు కాబట్టి మీ అన్నయ్య జైలుకెళ్ళాడు. కాంక్రీటు ఆరకముందే కింద ఆపిన సెంట్రింగు కర్రలు విప్పించింది ఎవరో ఆ వీధి కుక్కలకు కూడా తెలుసు.

ఇప్పుడు చూస్తాను. ఆయనకు పూచీ పడే మొనగాడెవడో చూస్తాను. ఎవడూ పడడు, పడితే వాడూ పోతాడు. తలుపు బయట నిలబడి లోపలికి చూస్తూ చావాలి ముసలాడు.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. కలప డిపోలో దూలాలు కొలిచి పంపే పని. ఏ ఇంటికెళ్ళినా ముందు మెట్ల కిందికి వంగి అడుగుభాగం చేత్తో తడిమి చూస్తాడు. మొన్న పక్కింటావిడ ఏదో పారేసుకున్నాడేమో అనుకుని తనూ వెతకడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

నువ్వు వెంటనే దరఖాస్తు పెట్టు, మొదటి జాబితాలో ఉండాలి.

నీ వదిన


ఫిబ్రవరి 24

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిన్ను గుమాస్తా అన్న మా పెద్దత్తకు ఒక కాపీ పంపాలనిపించింది.

ఇక్కడ వీధంతా కంగారుగా ఉంది. మా ఆఫీసుకి ఎదురుగా రంగుల కొట్టు పైన ఒకతను ఉన్నాడు, బోర్డు మీద ‘ఇంజనీరు’ అని బారెడు అక్షరాలతో రాయించుకున్నవాడు. నిన్న నిచ్చెనెక్కి తనే ఆ మాట మీద సున్నం కొట్టుకుంటున్నాడు. “ఏంటండీ?” అంటే “ఎండకి రంగు వెలిసిపోయిందమ్మా” అన్నాడు. నేను దరఖాస్తు పెట్టేశాను. ఇక్కడినుంచి వెళ్ళిన మొదటివాళ్ళలో నేనొకదాన్ని.

ఒక్క సంగతి అడుగుతాను, చట్టం రాసినదానివి కాబట్టి సూటిగా చెప్పు. మండలిలో లేనివాణ్ణి మండలి ఏం చేయగలదు? పిలవగలదా? ప్రశ్నించగలదా?

ఎందుకంటే గొడుగాయన కోడలు మొన్ననే ఇంజనీరింగు పూర్తి చేసింది. బుద్ధిమంతురాలు, నోట్లో మాట బయటికి రాదు. ఆ పిల్ల మండలిలో చేరుతుంది, సంతకాలు పెడుతుంది. గీసేదీ, కట్టించేదీ, పేరు తెచ్చుకునేదీ మామగారు. బయట నిలబడి లోపలికి చూస్తూ చచ్చే మనిషి కాదు వదినా ఆయన. బయట కుర్చీ వేయించుకుని, దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు.

ఇంకో విషయం. ఆయన నిన్న మా ఆఫీసుకి వచ్చాడు. స్వయంగా. కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. ఎందుకొచ్చాడో నాకింకా పూర్తిగా అర్థం కాలేదు.

అన్నయ్యకి దగ్గు తగ్గిందా? రంపంపొట్టులో పని, ముక్కుకి గుడ్డ కట్టుకోమను.

పొట్టి


మార్చి 8

పొట్టీ,

ప్రభుత్వం వేసిన మొదటి సభ్యుల జాబితాలో నీ పేరు ఎక్కింది. నువ్వడిగినదానికి జవాబు: పిలవలేదు, ప్రశ్నించలేదు. సభ్యుల మీదే మండలికి అధికారం. అయితే ఏం? బయట ఉండటమే ఆయనకు శిక్ష. నలభై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి పెద్ద కట్టడం ముందు రాయి మీద పేరు చెక్కించుకున్నవాడికి, కోడలు పేరు చెక్కుతుంటే చూడటం చాలదా? నాకు చాలు. నువ్వు దానికి లేనిపోని లెక్కలు వెయ్యకు.

అసలాయన మీ ఆఫీసు గుమ్మం ఎలా ఎక్కాడు? నువ్వు నీళ్ళెలా ఇచ్చావు? నాకైతే చెయ్యి రాదు. మీ ఊరి సర్వేయరు మొన్న ఇక్కడికి పనిమీద వచ్చి, “మీ మరదలు ఈమధ్య ఆయన ఆఫీసులో కనిపిస్తోందండీ, ఏదో ఆసుపత్రి పని కలిసి చేస్తున్నారట” అన్నాడు. నేను నవ్వేసి, “మా పొట్టి అలాంటిది కాదు, మీరెవర్నో చూసి ఉంటారు” అన్నాను. మీ ఊళ్ళో నీ ఎత్తున్న ఆడ ఆర్కిటెక్టు ఇంకొకతె ఉందా? ఉంటే నాకు రాయి, ఆ సర్వేయరుకి చెబుతాను.

నీకు గుర్తుందో లేదో, కోర్టులో ఆ రోజు నువ్వు నా పక్కనే కూర్చున్నావు. “నేను కాగితం మనిషినండి, సిమెంటు వాసన నాకు పడదు” అన్నాడు ఆయన. జడ్జి కూడా నవ్వాడు. మీ అన్నయ్య బోనులో నిలబడి ఆయన వైపే చూస్తున్నాడు, ఇప్పుడైనా ఒక్క మాట నిజం చెప్పకపోతాడా అని. ఆ చూపు నేను మర్చిపోలేదు. నువ్వూ మర్చిపోకు.

పిలిచినా వెళ్ళకు. ఎదురుపడితే రోడ్డు మారు.

దగ్గు అలాగే ఉంది. గుడ్డ కట్టుకోమంటే ఊపిరాడదంటాడు. జైలునుంచి వచ్చినప్పటినుంచీ మొహం మీద ఏది పడ్డా భరించలేడు, దుప్పటి కూడా.

వదిన


ఏప్రిల్ 2

వదినా,

సర్వేయరు చూసింది నన్నే.

ఆయన ఆఫీసు ఎలా ఉందో చెబుతాను. మూడో అంతస్తు, గోడ నిండా ఫోటోలు. ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒక మంత్రి, పక్కన ఈయన. డ్రాయింగు బల్లల మీద దుమ్ము లేదు, పనీ లేదు. కోడలు ఒక మూల కూర్చుని ఉంటుంది, నేను పలకరిస్తే మామగారి వైపు చూసి అప్పుడు నవ్వుతుంది. అన్ని ఫోటోల మధ్యలో, అన్నిటికంటే పెద్దదిగా, ఆ బడి ఫోటో. మెట్లు మళ్ళీ కట్టాక తీసింది. దానికి బహుమతి వచ్చిందిగా.

నేను దాన్నే చూస్తున్నానని గమనించి, “మీ అన్న మంచివాడేనమ్మా. కాస్త అజాగ్రత్త, అంతే. పాపం” అన్నాడు. నేను “అవునండి” అన్నాను. టీ ఇచ్చారు, తాగాను. చక్కెర ఎక్కువైంది, అయినా పూర్తిగా తాగాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. కొన్నాళ్ళపాటు నన్నేమీ అడగకు వదినా. నువ్వు కార్యదర్శివి, రోజూ వాళ్ళ మధ్యనే కూర్చుంటావు. నీ ముఖంలో ఏదీ దాగదు. పెళ్ళిచూపుల్లో మా నాన్న సగం మాట అనకముందే నీ ముఖం చూసి లేచొచ్చేయబోయాం, అది గుర్తుందా?

నన్ను నమ్ము. అన్నయ్యని అడిగానని చెప్పు.

పొట్టి


ఏప్రిల్ 30

గౌరవనీయులైన ఆర్కిటెక్టు గారికి,

మీ ఊరి దరఖాస్తులు ఈ ఉదయం నా బల్ల మీదికి వచ్చాయి. అన్నిటికంటే పైన ఆయనది. పూచీదారులు ఇద్దరు. ఒకరు రిటైరైన చెవిటి ఇంజనీరు, ఆయనకు ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతారు. రెండో సంతకం మీది. మీ అక్షరాలు నాకు తెలుసు, ‘ల’కు మీరు తోక వేస్తారు, చిన్నప్పుడు దానికే మీ అన్నయ్య చేత మొట్టికాయలు తినేవారట.

ప్యూను వచ్చి “ఏమైందమ్మా, నీళ్ళు తెమ్మంటారా” అని అడిగాడు.

నమ్మమని రాశారు మీరు. దేనికి? ఆసుపత్రి పనిలో వాటాకా? గోడ మీద ఇంకో ఫోటోలో ఆయన పక్కన నిలబడటానికా? అడిగితే నేనే ఇప్పించేదాన్నిగా పని! మీ అన్నయ్య జైల్లో ఉన్నన్నాళ్ళూ మీ చదువు ఆగకూడదని నేను ఏ గడప ఎక్కానో, ఎవరి ముందు తలవంచానో మీకు తెలియదా? ఆ చదువుతో నేర్చుకున్న సంతకమేనా ఇది?

కమిటీలో మీ సంతకం చూసి అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. “ఆ ఇంటి పిల్లే పూచీ పడిందంటే పాత సంగతులన్నీ వట్టి పుకార్లేనన్నమాట” అన్నాడొకాయన, నా ముందే. అభ్యంతరం చెప్పడానికి నాకిప్పుడు నోరు లేకుండా చేశారు.

అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ పూచీ క్లాజు నేను రాశాను. ఆయన ఏదో ఒక రోజు పడతాడు. పడిన రోజున మీ పేరు కూడా కొట్టేయించి, ఆ కాగితం మీకు నేనే స్వయంగా పోస్టు చేస్తాను. మీ బోర్డు దిగుతుంటే చూడాలని ఉంది నాకు. దేవుడి మీద ఒట్టు, ఆయన బోర్డు కంటే ముందు మీదే చూడాలని ఉంది.

మీ అన్నయ్యకి చెప్పలేదు. మీమీద జాలితో కాదు, ఆయన మీద జాలితో.

ఇట్లు,
మండలి కార్యదర్శి


మే 19

వదినా,

ఇది చింపకుండా చదువుతావని ఆశ.

సభ్యులను చేర్చుకునే సభ ఇక్కడి టౌను హాల్లో వచ్చే నెల మొదటి ఆదివారం. పూచీదారు లేచి, చేరబోయేవాడు చేసిన పనులేమిటో సభకు చెప్పాలి. అవి నిజమని అతను ప్రమాణం చేయాలి. నువ్వు రాసిన నియమమే. కార్యదర్శిగా నువ్వు రావచ్చు. వస్తే ముందు వరసలో కూర్చో. ఏం విన్నా మధ్యలో లేవకు.

నన్ను ‘మీరు’ అనకు, వినలేకపోతున్నాను. తిట్టాలనుకుంటే ‘నువ్వు’ అని తిట్టు.

పొట్టి


జూన్ 7

వదినా,

నువ్వు రాలేదు. నీ బదులు వచ్చిన అసిస్టెంటు పాపం మినిట్స్ రాసుకోలేక చెమటలు కక్కాడు. అతను నీకు చెప్పే ఉంటాడు, కానీ నా నోటితో నేను చెప్పాలి.

హాలు నిండిపోయింది. వెనక నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. గొడుగాయన కొత్త కోటు తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. జిల్లా శాఖకు అధ్యక్షుడయ్యేది తనేనని అప్పటికే అందరికీ చెప్పుకున్నాడు. ఆ ఆశ పెట్టింది నేనే. “మీరు లేని మండలి ఒక మండలేనా సార్, మీ కోడలి వెనక మీరు దాక్కోవడమేంటి?” అని టీ తాగుతూ వారం వారం ఎక్కించాను. ఇక పూచీ సంగతికొస్తే నన్నడగాలన్నది ఆయన ఆలోచనే. అందుకే ఆ రోజు నా ఆఫీసుకొచ్చి నీళ్ళు తాగాడు. ఆ ఇంటి పిల్ల చేతే సంతకం పెట్టించుకుంటే ఊళ్ళో నోళ్ళు మూతపడతాయని.

నా వంతు వచ్చింది. లేచాను. ఆయన కట్టినవన్నీ చెప్పుకుంటూ వచ్చి బడి దగ్గర ఆగాను.

“బహుమతి తెచ్చిన ఈ బడి గురించి ఒక మాట. దీనికి సార్ డ్రాయింగు ఇచ్చి ఊరుకోలేదు. మొదటి రోజునుంచీ సైటులో నిలబడి కట్టించారు. ఆయన మాట లేకుండా అక్కడ ఒక్క కర్ర కదల్లేదు” అన్నాను.

చప్పట్లు కొట్టారు. నేను ఆయన వైపు తిరిగి, “నిజమే కదా సార్? నేనేమైనా ఎక్కువ చెబితే దిద్దండి” అన్నాను.

లేచాడు వదినా. కోటు సర్దుకుని మరీ లేచాడు. “అమ్మాయి తక్కువే చెప్పింది. నేను చెప్పకుండా అక్కడ మేకు కూడా పీకలేదు!” అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

అధ్యక్షస్థానంలో వంతెనలు కట్టిన ముసలాయన ఉన్నారు, ముక్కుసూటి మనిషి. “ఇవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నారా?” అని అడిగారు. “చేస్తున్నాను” అన్నాడు, గట్టిగా, వెనక వరసలకు కూడా వినిపించేలా. రిజిస్టరులో సంతకం పెట్టాడు. ఆ క్షణంనుంచి ఆయన సభ్యుడు. పిలిస్తే రావాలి. అడిగితే జవాబు చెప్పాలి.

సిరా ఆరేదాకా ఆగాను. మళ్ళీ లేచి, “అధ్యక్షా, ఇప్పుడు సభ్యులైన ఈయన మీద నేను ఫిర్యాదు చేస్తున్నాను” అన్నాను. “సైటు మొహమే చూడలేదని కోర్టులో ప్రమాణం చేశారు. సైటు వదల్లేదని ఇక్కడ ప్రమాణం చేశారు. రెండిట్లో ఏది అబద్ధమో విచారించండి.”

హాల్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన కోడలు మాత్రం తలెత్తి నన్ను చూసింది, ఈసారి మామగారి వైపు చూడకుండా.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావా? చెబితే సంతకం పెట్టనిచ్చేదానివి కాదు. ఆయన పోతే నేనూ పోతానని నీకంటే బాగా ఎవరికి తెలుసు? నన్ను కాపాడటానికి ఆయన్ని వదిలేసేదానివి. నేను వదలదల్చుకోలేదు.

నువ్వు రాసిన ఏప్రిల్ ఉత్తరం కాల్చలేదు. ఆ సభకు వెళ్ళేముందు మళ్ళీ చదువుకున్నాను. కోపం చల్లారకుండా ఉండటానికి బాగా పనికొచ్చింది.

పొట్టి


జులై 15

పొట్టీ, నా తల్లీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నిన్ను అన్న మాటలన్నీ నోట్లో జిల్లేడుపాలు పోసుకున్నట్టున్నాయి. నువ్వు రమ్మంటే రాలేదు. ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని బీరువా సర్దుకున్నాను, నీమీద కసితో. క్షమించమని అడగను, అడిగితే వెంటనే క్షమిస్తావు, అది నాకు దక్కకూడదు.

విచారణ నిన్న అయింది. నువ్వు వాంగ్మూలం ఇచ్చి వెళ్ళిపోయాక జరిగింది చెబుతాను. సొంతవాళ్ళ కేసు కాబట్టి నాకు ఓటు లేదు, మాట్లాడే హక్కూ లేదు. కార్యదర్శిగా మూల బల్ల దగ్గర కూర్చుని రాసుకోవడమే.

వంతెనలాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు. “మెట్ల సెంట్రింగు ఎవరు విప్పమన్నారు?”

“ఎన్నో ఏళ్ళయింది. గుర్తులేదు.”

“మీరు చెప్పకుండా మేకు కూడా పీకలేదన్నారే.”

“అది మాటవరసకి అన్నానండి.”

“మాటవరసకి ప్రమాణం కూడా చేశారా?”

కోటు గుండీలు సర్దుకున్నాడు. జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని వంతెనలాయన నిదానంగా చదివి వినిపించారు, అదీ నా వాక్యమే. అప్పుడు గొడుగాయనకు ఒళ్ళు మండింది. బల్ల మీద గుద్ది, “ప్రారంభోత్సవం నెత్తిమీదికి వచ్చింది! మంత్రిగారు వస్తున్నారు! ఎవరో ఒకరు విప్పమనాలిగా? ఆ సైటు ఇంజనీరు ఇంకా ఆరలేదు, ఆరలేదు అని నసుగుతూ నిలబడ్డాడు, వాడి నసుగుడు వింటూ కూర్చుంటే ఈ దేశంలో ఒక్క బిల్డింగు లేచేది కాదు!” అన్నాడు.

నేను రాస్తున్నాను పొట్టీ. ఒక్క అక్షరం పోకుండా రాశాను. మీ అన్నయ్య వద్దన్నాడని, చివరిదాకా వద్దన్నాడని, ఆ నోటితోనే చెప్పాడు. అన్నాక తనకే తెలిసింది ఏమన్నాడో. కూర్చోబోయి కుర్చీ పక్కన తడుముకున్నాడు. ఎవరూ లేచి పట్టుకోలేదు. నేను కూడా. ఆ దృశ్యం కోసమే ఇన్నాళ్ళూ బతికానేమో అనిపించింది, కళ్ళార్పకుండా చూశాను.

చేరేటప్పుడు ఈ సంగతి దాచినందుకు పేరు శాశ్వతంగా కొట్టేయాలని తీర్మానం. తప్పు సైటు ఇంజనీరుది కాదని కూడా ఉత్తర్వులో రాశారు, దాంతో కోర్టుకి మళ్ళీ వెళ్ళొచ్చు.

ఇక అసలు సంగతి. ఉత్తర్వు నా బల్ల మీద ఉంది. నా సంతకం పడితేనే అమల్లోకి వస్తుంది. పైన ఆయన పేరు. కింద చెవిటాయన పేరు, నీ పేరు. ఐదేళ్ళు. నువ్వే ఫిర్యాదు చేశావు కాబట్టి నిన్ను మినహాయించమని వంతెనలాయన్ని అడిగాను. “క్లాజు రాసింది మీరేనమ్మా, అందులో మినహాయింపు ఎక్కడుందో మీరే చూపించండి” అన్నారు. ఎగతాళిగా అనలేదు, బాధగానే అన్నారు. వెతికాను. లేదు. ఎవడూ జారిపోకూడదని అన్ని కన్నాలూ నేనే పూడ్చాను.

సభకు ముందే పూచీ వెనక్కి తీసుకున్నానని నువ్వొక మాట రాసిపంపితే పాత తేదీ వేసి ఫైల్లో పెడతాను. ఉద్యోగం పోతే పోనీ. రాసిపంపు తల్లీ. నీ చేతిలో ఆసుపత్రి పని ఉంది, నువ్వు గీసిన టీచరు గారి ఇల్లు సగంలో ఉంది, ఐదేళ్ళు ఏం చేస్తావు?

వదిన


జులై 22

వదినా,

రాసివ్వను. సంతకం పెట్టు.

నన్ను వదిలేస్తే ఏమవుతుందో ఆలోచించు. ఆయన పెద్ద లాయర్ని పెట్టుకుని పైకోర్టుకి వెళతాడు. కార్యదర్శి తన మరదల్ని కాపాడుకుని నన్ను బలిచేసింది, ఇదంతా ఇంటి కక్ష అంటాడు. పాత తేదీ సంగతి బయటపడితే ఉత్తర్వు మొత్తం కొట్టేస్తారు. ఆయన మళ్ళీ కోటు తొడుక్కుంటాడు. నా పేరు ఆయన పేరు కింద ఉండటమే ఆయన మెడకు బిగిసిన ముడి. దాన్ని నువ్వే విప్పుతావా?

నేనేదో త్యాగం చేశానని అనుకోకు, అలాంటి మాట నాకు ఒళ్ళు మంట. నాకు కావలసినది నేను కొనుక్కున్నాను. విచారణ రోజు వాంగ్మూలం ఇచ్చాక కిందే ఆగాను, అంతా అయ్యాక ఆయన దిగొచ్చి మెట్ల దగ్గర నన్ను ఆపి, “నీకేం దక్కిందే? నాతో పాటు నువ్వూ మునిగావుగా!” అన్నాడు. “మీరు మునగడం దగ్గర్నుంచి చూశాను సార్” అన్నాను. ఆ రోజు ఆకలేసి రెండు భోజనాలు తిన్నాను. అంత హాయిగా ఎప్పుడు తిన్నానో గుర్తులేదు.

ఆసుపత్రివాళ్ళు వేరేవాళ్ళని చూసుకుంటారు. టీచరు గారి ఇంటి గురించే కొంచెం దిగులు, స్లాబు వరకు వచ్చి ఆగింది. గీతలు గీయకూడదు గానీ, గీతలు నేర్పకూడదని నీ చట్టంలో లేదు, నేను చూశాను. పాలిటెక్నిక్‌లో సాయంత్రం క్లాసులకు అడిగాను.

సంతకం పెట్టు వదినా. కాగితం పోస్టు చేస్తానని మాటిచ్చావు కూడా.

నీ పొట్టి


ఆగస్టు 3

పొట్టీ,

పెట్టాను. కాగితం ఈ కవరులోనే ఉంది.

సంతకం పెట్టాక తిన్నగా కలప డిపోకి వెళ్ళాను. రంపం నడుస్తోంది, ఏం మాట్లాడినా వినిపించదు. యజమాని నా ముఖం చూసి యంత్రం ఆపించాడు. కూలీలందరూ చుట్టూ చేరారు. మీ అన్నయ్య ఒక దూలం మీద కూర్చుని ఉత్తర్వు చదివాడు. తప్పు సైటు ఇంజనీరుది కాదన్న వాక్యం దగ్గర వేలు ఆనించి మళ్ళీ చదివాడు. నేను ఏడుస్తున్నాను, యజమాని కూడా ముక్కు చీదుకుంటున్నాడు. అప్పుడు వేలు కిందికి జరిగింది. నీ పేరు దగ్గర ఆగింది.

“ఇదేంటి?” అన్నాడు.

చెప్పాను. క్లాజు సంగతి, నీ పూచీ సంగతి, నా ఏప్రిల్ ఉత్తరం సంగతి కూడా దాచలేదు.

ఆయన గొంతు పెద్దది కావడం నేనెప్పుడూ వినలేదు. “దాని చేతులు నరికి తెచ్చి నా ఒళ్ళో పెడతారా?” అని అరిచాడు. “నాకు కావాలని నేనడిగానా? ఇద్దరూ కలిసి ఇన్నేళ్ళు ఇదా వండారు? ఒక్కసారి, ఒక్కసారి నన్నడిగారా?” అన్నాడు. జైల్లో వేసినప్పుడు అరవని మనిషి, తప్పు నీది కాదన్నాక అరిచాడు.

ఆ తర్వాత నాతో మాటల్లేవు. అన్నం పెడితే తింటాడు, ప్లేటు కడుక్కుంటాడు. నిన్న పొద్దున మాత్రం, “దాని దగ్గర సగంలో ఆగిన పనేదైనా ఉందా?” అని అడిగాడు. టీచరు గారి ఇల్లు అని చెప్పాను. స్లాబు వేశారా అన్నాడు. వెయ్యలేదన్నాను. పెట్టె కిందికి దించి బట్టలు సర్దుకున్నాడు. ఆయన శిక్ష కోర్టులో రద్దయ్యేదాకా మండలిలో చేరలేడు, సంతకం పెట్టలేడు, నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చూడటానికి సంతకం అక్కర్లేదుగా అన్నాడు.

పదో తేదీ ఉదయం బండికి దిగుతాడు. స్టేషనుకి కాస్త ముందే వెళ్ళి నిలబడు, గుంపులో ఆయనకు ఊపిరాడదు. చివరి పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికింది. నేను రావట్లేదు. వస్తానంటే వద్దన్నాడు. మెల్లగానే అన్నాడు.

ఒక నిజం నీకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేను. ఆ ఉత్తర్వు మీద కలం పెట్టేముందు పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుకున్నాను. గొడుగాయన పేరు చదివినప్పుడు నాలో భగ్గుమన్న సంతోషం, నీ పేరు దగ్గరికి వచ్చేసరికి కూడా పూర్తిగా ఆరలేదు. దాని వేడిలోనే సంతకం పెట్టేశాను. అందుకే మీ అన్నయ్య రావద్దన్నప్పుడు ఎందుకని అడగలేదు.

ఆయన దిగగానే నాకొక ముక్క రాయి.

వదిన